రేగడి మన్నులో పదమూడు సైకిళ్లు

సైకిలు తొక్కడం ఆరోగ్యానికి మంచిదని సూర్యాపేట పట్టణపు పెద్దలు కనుగొని ఇంకా రెండేళ్లు నిండలేదు. అంతకు పూర్వం ముప్పై రెండేళ్ల నుంచి అదే పని చేస్తున్న సక్రుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పాపం, ఆయన దానిని ఉద్యోగమనుకున్నాడు.

ఆయన సాగర్ ఎడమ కాలువ మీద లష్కరు. ఆ పేరు వినగానే కత్తీ డాలూ తలపునకు వచ్చినట్లయితే ఆ తప్పు పేరుది గాని సక్రుది కాదు. ఆయన చేతి ఆయుధమల్లా తూము తలుపులు ఎత్తి దించే ఇనుప పిడి. వాహనం నల్లని ఇరవై నాలుగు అంగుళాల సైకిలు. వెలుగు రేకలు విచ్చే వేళకు బయలుదేరి, మునగాల దిక్కు నుంచి నడిగూడెం దిక్కునకు పదకొండు కిలోమీటర్ల కాలువ కట్ట మీద తొక్కుకుంటూ పోవడం, పందొమ్మిది తూముల దగ్గర దిగడం, నీరు ఎంత ఎత్తున పారుతున్నదో చూసి చిన్న పుస్తకంలో రాసుకోవడం, కట్ట ఎక్కడైనా చెమ్మగిల్లుతుంటే మన్ను వేసి తొక్కి పూడ్చడం, మళ్లీ పదకొండు కిలోమీటర్లు వెనుకకు రావడం, ఇదీ ఆయన దినచర్య. దీనికి ఆరోగ్యమనే పేరున్నదని తెలిసి ఉంటే ఇన్నేళ్లూ మరికొంత గర్వంగా తొక్కి ఉండేవాడు.

ఆ కట్టపొడవునా ప్రభుత్వం రాళ్లు పాతి అంకెలు వేయించింది. సక్రు ఆ అంకెలను గౌరవిస్తాడే గాని వాడడు. ఆయన పేర్లు ఆయనకున్నాయి: దుప్పి నీళ్లు తాగిన చోటు, లారీ పడ్డ మలుపు, దేవమ్మ చెప్పు పోయిన తూము. ఆయన పొరుగింటి దేవమ్మ చెప్పు కాలువలో పోయి ఇరవై ఏళ్లయింది. ఆమె ఆ తరువాత ఎన్నో జతలు కొన్నది, అరగదీసింది. తూము పేరు మాత్రం మారలేదు.

ఆయన కాపురం రాళ్లకుంట తండాలో. రెండు వందల ఏండ్ల కిందట ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకొని వచ్చిన లంబాడీలు అక్కడ దిగి, నీళ్లు చూసి, నిలిచిపోయారు. వారు వచ్చిన దారి ఆనాడు ఎట్లున్నదో ఈనాడు కూడా అట్లే ఉన్నది. పూర్వుల ఆనవాళ్లను కాపాడడంలో మన యంత్రాంగానికి శ్రద్ధ లేదనే వారు ఒకసారి వచ్చి ఈ దారిని చూడవలసి ఉంటుంది. కాలువ కట్ట దిగిన తరువాత చెరువు పక్కగా వంకరలు తిరిగి, తునికి, మోదుగ చెట్ల చిట్టడవిలో దూరి, కిలోమీటరున్నర పోయి తండా ముందు తేలుతుంది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం చెరువుకు తమ్ముడు.

వానాకాలంలో తండాలో ఎవరికి జబ్బు చేసినా అంబులెన్సు కాలువ కట్ట దాకా వచ్చి ఆగుతుంది. అక్కడి దాకా మనిషిని మంచం మీద మోయాలి. ఆ మంచం సక్రుది. ఆయన పొడుగరి కనుక తన కొలతకు పొడవైన నులక మంచం చేయించుకున్నాడు. పొడవుగా ఉన్నదని తండా అంతా దానినే కోరుకున్నది. ప్రతిసారీ కట్టి విప్పడం దండగని దానికి రెండు పక్కలా రెండు వెదురు బొంగులు శాశ్వతంగా కట్టివేశారు. ఆ విధంగా తండాలో రోగం ఎవరికి వచ్చినా నేల మీద పడుకునేవాడు మాత్రం సక్రు.

ఆ దారికి తారు వేయించమని ఆయన పద్నాలుగు ఏండ్లలో పద్నాలుగు అర్జీలు పెట్టాడు. పద్నాలుగింటికీ జవాబు వచ్చింది. అర్జీలకు జవాబు రాదన్న అపవాదును సక్రు ఎక్కడా సహించడు. "సదరు దారిపై వాహనముల రాకపోకలు తగినంతగా లేనందున పరిశీలించుటకు వీలుపడదు" అని పద్నాలుగు సార్లూ ఒకే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చింది. దారి లేదు గనుక వాహనాలు రావు. వాహనాలు రావు గనుక దారి లేదు. ఇంత గట్టి వాదాన్ని ఖండించగల పండితుడు తండాలో ఎవరూ లేరు.

పోయిన భాద్రపదంలో సక్రు భార్య సాలి చెరువు గట్టున జారి మోకాలు విరగ్గొట్టుకున్నది. ఆ మంచం మీద ఆమెనే మోశారు. నడుమ దారిలో ముందు మోసేవాని కాలు గుంతలో దిగి, మంచం ఒరిగి, సాలి మళ్లీ పడింది. చెరువు గట్టున ఒక చోట విరిగిన ఎముక కాలువ కట్ట చేరేసరికి రెండు చోట్ల విరిగింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన నాడు ఆమె గుమ్మంలో కూర్చొని ఒక్కటే మాట అన్నది.

"ఇంకొక్కసారి నన్ను గా మంచం మీద ఎక్కిస్తే మంచం మీదనే సస్త, దిగ. వచ్చే వానల్లోపట దారి ఎయ్యిస్తవా, ఎయ్యియ్యవా?"

"ఎయ్యిస్త" అన్నాడు సక్రు.

"పద్నాలుగేండ్ల సంది ఇదే మాట. నీకంటే గా కాయిదాలే నయం, ఎయ్యం అని సాఫ్ చెప్తయ్."

ఆషాఢంలో సక్రు ఉద్యోగ విరమణ. లష్కరు అన్న పేరు ఉన్నన్నాళ్లే కార్యాలయపు బల్ల మీద కూర్చోనిస్తారని, అది పోతే వరండాలో నిలబెడతారని ఆయనకు తెలుసు. అంటే ఉన్నవి ఆరు నెలలు, ఒక్క అర్జీ.

ఇట్లుండగా పుష్యమాసంలో ఒక ఆదివారం ఉదయం దేవమ్మ చెప్పు పోయిన తూము దగ్గర సక్రు పిడి తిప్పుతుంటే, కట్ట మీద ఏడుగురు మనుషులు వచ్చి దిగారు. ఒంటికి అంటుకుపోయిన రంగురంగుల బట్టలు, తలపైన చిల్లుల టోపీలు, కళ్లకు అద్దాలు. వారి సైకిళ్లకు మడ్‌గార్డులు లేవు, వెనుక క్యారియర్లు లేవు, బెల్లులు లేవు, స్టాండ్లు కూడా లేవు. ఎవరో పాపం పార్టులన్నీ ఊడదీసుకుపోయారని సక్రు జాలిపడ్డాడు.

వారి పెద్ద పేరు జగదీశ్, సూర్యాపేటలో పంటి డాక్టరు, అక్కడి సైకిల్ మిత్రమండలి అధ్యక్షుడు. వెంట వచ్చిన అరుణ మిర్యాలగూడలో లెక్కల టీచరు. ఎక్కడ ఏ దారి ఉన్నదో ఫోనులో పటం గీసే పని ఆమెది. చెరువులూ అడవులూ కలుపుకుంటూ ఒక సైకిలు దారి కనిపెట్టాలని వీరు బయలుదేరారట. సూర్యాపేటలో మొదలు, మునగాల మీదుగా కాలువ కట్ట, నడిగూడెం, కోదాడలో రాత్రి బస. మరునాడు మిర్యాలగూడ, చివరికి వాడపల్లిలో మూసీ కృష్ణ కలిసే చోట స్నానం.

"పెద్దాయనా, ఈ పక్క దారి ఎటు పోతుంది?" అని జగదీశ్ అడిగాడు.

"మా తండాకు పోతది సారు. పోయినోల్లు మల్ల రావాల్నంటే జర ఓపిక ఉండాలె."

జగదీశ్ కట్ట అంచున నిలబడి, చెరువును, దాని వెనుక అడవిని, నడుమ ఎర్రగా పాకుతున్న దారిని చూసి చేయి గుండె మీద పెట్టుకున్నాడు. "అరుణా, చూడు! ఎంత అందం! ఎక్కడా తారు మచ్చ లేదు!"

ఆ దారిని ఒక మనిషి పొగడడం సక్రు పుట్టి బుద్ధెరిగిన తరువాత అదే మొదటిసారి. లేని తారును ఇంత మెచ్చుకున్నవాడు, వేస్తే ఇంకెంత మెచ్చుకుంటాడోనని ఆయనకు ఆశ కలిగింది.

"కాకా, ఈ తూము పేరేంటి?" అని అరుణ అడిగింది. సక్రు చెప్పాడు. ఆమె నవ్వకుండా అట్లే రాసుకున్నది: దేవమ్మ చెప్పు పోయిన తూము. దుప్పి నీళ్లు తాగిన చోటు, లారీ పడ్డ మలుపు కూడా పటం ఎక్కాయి.

పక్షం రోజుల తరువాత ఉపేందర్ అనే ఇంజనీరు గారు స్వయంగా వచ్చి దారిని పరీక్షిస్తారని, ఆయన సరేనంటే జిల్లా జాబితాలో చేరుతుందని, వసతులు వస్తాయని జగదీశ్ చెప్పాడు.

"వసతులంటే రోడ్డు గూడ ఎయ్యిస్తరా సారు?"

"అన్నీ వస్తయ్ పెద్దాయనా, మీరేం రంది పెట్టుకోకండి."

మనిషి చేత నోరు తెరిపించి, నొప్పే ఉండదని చెప్పడం ఆయన వృత్తి. సక్రు నమ్మాడు.

ఆ సాయంత్రం సర్పంచు లింగ్యా ఇంటి ముందు పది మంది కూడారు. లింగ్యా సక్రుకు అన్న కొడుకు వరుస, చురుకైనవాడు; పెద్దమనుషులు వస్తున్నారంటే దారి బాగుచేసి నీళ్లు చల్లాలన్నది మాత్రమే పదవి ఆయనకు నేర్పిన పాఠం.

"కాకా, మనకాడ మొరం లేదు. గా నడుమ నాలుగువందల గజాలు గుంతలే గుంతలు. ఏం పోద్దాం?"

"చెరువు మన్ను పోద్దాం" అన్నాడు సక్రు.

"గా నల్ల రేగడా?"

"గదే. నేను ముప్పై నాలుగేండ్ల సంది కట్ట పూడుస్తున్న. మొరం ఏస్తే రెండు దినాలకు నీళ్లు కారుతయ్. రేగడి ఏసి, తడిపి, దిమ్మిసతోని కొడితే సుక్క గూడ పోదు. గట్టి మన్నంటే గదే."

ఇక్కడ సక్రుకు న్యాయం చేయాలి. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. కాలువ కట్టకు నల్లరేగడిని మించిన మన్ను లేదు. కాని ముప్పై నాలుగేండ్లు కాలువ కాచినవాడు మంచి మన్ను అంటే నీటిని ఆపేదే అనుకుంటాడు గాని, చక్రాన్ని కూడా ఆపుతుందని అనుకోడు. కట్ట మీద మన్నుకు పోవలసిన పని లేదు, రావలసిన పని లేదు. ఉన్న చోట ఉండడమే దాని ఉద్యోగం. దారి మన్నుకు అది చాలదన్న సంగతి ఆయనకు తట్టలేదు. తట్టినవారు ఉన్నా, మన్ను విషయంలో లష్కరుకు ఎదురు చెప్పేవాడు తండాలో ఎవడు?

ఇంజనీరు గారు రావలసిన ఆదివారానికి ముందునాడు, శనివారం పొద్దున మొదలుపెట్టి పొద్దు వాలేసరికి పని ముగించారు. ట్రాక్టరుతో చెరువు మన్ను తోలారు. జానెడు మందాన పరచి, తడిపి, కొట్టి, దాని మీద మరొక జానెడు పరచి, మళ్లీ తడిపి, మళ్లీ కొట్టారు. పని ముగిసిన తరువాత ఆ నాలుగు వందల గజాలు నూనె రాసిన నల్ల రాతిబండలాగా నిగనిగలాడింది. ముగ్గు వేద్దామా అని ఎవరో అడిగారు కూడా.

సాలి కర్ర పట్టుకొని అక్కడి దాకా నడిచి వచ్చి, కర్ర కొనతో మన్నును పొడిచి చూసింది. కర్ర దిగబడింది. లాగితే రాలేదు.

"ఓయ్, ఇది తెల్లారేసరికి ఆరుతదా?"

"ఆరుతది."

"కట్ట మీద ఏస్తే ఎన్ని దినాలకు ఆరుతది?"

సక్రు లెక్క వేసుకున్నాడు. కట్ట మీద వేస్తే ఆరడం ఎవరికి కావాలి, తడిగా ఉండడమే మేలు. ఆయన కర్రను రెండు చేతులా పీకి భార్యకు ఇచ్చి, "ఎండ గొడ్తది" అన్నాడు.

ఆదివారం ఎండ కొట్టలేదు. పొగమంచు కమ్మింది.

కాలువ కట్ట మీద పదమూడు సైకిళ్లు వరుసగా వచ్చాయి. వాటి వెనుక, సైకిలు దారి యోగ్యతను తేల్చడానికి, ఉపేందర్ గారు చల్లని కారులో అద్దాలు బిగించుకొని వచ్చారు. అద్దం దించితే దుమ్ము పడుతుందని ఆయన భయం. ఆ ఒక్క విషయంలో తండా ఆయనకు ఏ లోటూ రానివ్వలేదు. దుమ్ము అన్నది మచ్చుకు కూడా లేదు.

ముందు జగదీశ్. నిగనిగలాడే నేల చూసి ఆయన ముఖం కొంచెం వాడింది. "అయ్యో, ఏదో వేసినట్టున్నారు" అని వేగం పెంచాడు. పది గజాలు పోయాడు. పదకొండవ గజంలో రేగడి ఆయన చక్రాన్ని పట్టుకున్నది. సన్నని చక్రం చుట్టూ మన్ను చుట్టుకొని, ఫోర్కులో ఇరుక్కొని, సైకిలు నిలువునా ఆగింది. ఆ సైకిళ్లకు ఒక విశేషం ఉన్నది: తొక్కేవాని బూట్లు పెడళ్లకు తాళం వేసినట్లు బిగిసి ఉంటాయి. కనుక సైకిలు ఆగితే మనిషి దిగడు. సైకిలూ మనిషీ కలిసి, కొట్టిన చెట్టులాగా, నెమ్మదిగా పక్కకు ఒరుగుతారు. జగదీశ్ ఒరిగాడు. ఆయన వెనుకవాడు ఆయనను తప్పించబోయి రెండవ దిక్కునకు ఒరిగాడు. మూడవవానికి ఏ దిక్కు ఎంచుకోవాలో తేల్చుకునే వ్యవధి లేకపోయింది. తండా ప్రజలు స్వాగతానికి పట్టుకొచ్చిన బంతిపూల దండలతో రెండు వైపులా నిలబడి, ఒక్కొక్కరుగా పదముగ్గురు అతిథులు పడుకోవడం చూశారు.

"కాకా, వీండ్లు దిగుతలేరేంది, పడుతున్నరేంది?" అని లింగ్యా గుసగుసగా అడిగాడు.

"బూట్లు ఊడుతలెవ్వురా. పట్టు, పట్టు!"

పడ్డవారిని తండావాళ్లు లాగి పక్కన నిలబెట్టారు. కారు డ్రైవరు వారి గతి చూసి ఆగి ఉంటే బాగుండేది. కాని వెనుక సీటులో ఉన్నది అధికారి. ఆయన "పోనీవయ్యా, ఏం కాదు" అన్నాడు. కారు పోయింది. ఇరుసు దాకా పోయింది.

ఉపేందర్ గారిది కోదాడ పక్క ఊరు. తలుపు తెరిచి, మెరిసే బూటు ఒకటి కింద పెట్టి, "ఏంటయ్యా ఇది? రోడ్డా, వరి మడా?" అన్నారు. రెండో బూటు పెట్టబోయేసరికి మొదటిది మన్నులోనే ఉండి కాలు మాత్రం పైకి వచ్చింది. ఆ వట్టి కాలు జారి, మడమ మెలిపడి, ఆయన కూర్చున్నారు. లేవలేకపోయారు.

అంబులెన్సుకు ఫోను చేశారు. కట్ట దాకా వస్తామన్నారు.

"కట్ట దాకానా? అక్కడికి నేనెట్లా వెళ్లాలి?" అని ఉపేందర్ గారు అరిచారు.

దానికి జవాబు చెప్పవలసిన పని లేకుండానే లింగ్యా, మరి ముగ్గురూ వెదురు బొంగుల మంచం తెచ్చి దించారు. అలవాటైన పని, చెప్పులు విప్పారు, పంచెలు ఎగ్గట్టారు, అధికారిని ఎత్తి పడుకోబెట్టారు. సాలి దూరం నుంచి, "గట్టిగ పట్టుకో సారూ! నడుమల ఒక గుంత ఉంటది, గాడ ఒరుగుతది" అని అనుభవం కొద్దీ హెచ్చరించింది.

సక్రు మంచం పక్కన నడుస్తూ, ఆయన తల మీద గొడుగు పట్టాడు. ఎండ లేదు. కాని అధికారికి గొడుగు పట్టాలి.

"నీ పేరేంటి?" అన్నారు ఉపేందర్ గారు, నొప్పిని పళ్ల బిగువున పట్టి.

"సక్రు సారు. లష్కరును. మీరు నాకు ఎరుకే."

"నేనా? ఎట్లా?"

"మీ సంతకం నాలుగేండ్ల సంది మా ఇంట్లనే ఉన్నది సారు. నాలుగు కాయిదాల మీద. మస్తు సక్కగ పెడ్తరు."

ఉపేందర్ గారు ఆకాశం దిక్కు చూశారు. మంచం మీద పడుకున్నవానికి చూడడానికి అంతకు మించి ఏమీ ఉండదు. తరువాత గుంత వచ్చింది. మంచం ఒరిగింది. ఆయన రెండు చేతులా వెదురు బొంగును కావలించుకొని, "ఎవరైనా చచ్చిపోరూ ఈ దారిలో?" అన్నారు.

"ముగ్గురు వోయిండ్రు సారు. వాళ్లు రాకపోకల లెక్కలకు రారు గద, రాసుకోలే."

ఉపేందర్ గారు కట్ట వచ్చేదాకా బొంగును వదలలేదు.

అంబులెన్సు వెళ్లిపోయాక సక్రు కట్ట మీద కూర్చొని, నీటిమట్టం రాసుకునే పుస్తకం తీశాడు. ముప్పై నాలుగేండ్లుగా చూసినది చూసినట్లు, గంట వేసి, తేదీ వేసి రాయడం తప్ప మరొక రాత ఆయనకు రాదు. ఆ పద్ధతిలోనే రాశాడు: ఉదయం ఏడున్నర, రాళ్లకుంట దారి. సైకిళ్లు పదమూడు. కారు ఒకటి. కారును లాగిన ట్రాక్టరు ఒకటి. మంచం ఒకటి. మంచం మీద అధికారి ఒకరు.

రాసినదానిని రెండోసారి చదువుకున్నప్పుడు ఆయన చేయి ఆగింది. పద్నాలుగేండ్ల నుంచి కార్యాలయం అడుగుతున్నదేదో అది ఆ పేజీలో ఉన్నది.

పదిహేనవ అర్జీ నాలుగు వాక్యాలు. సదరు దారిపై ఫలానా తేదీన వాహనములు వచ్చినవి. ఎన్ని వచ్చినవో లెక్క జతచేయడమైనది. లెక్కకు సాక్షి శ్రీయుత ఉపేందర్ గారు, ఇంజనీరు. వారు వచ్చినది చూడవచ్చును, తిరిగి పోయిన తీరు కూడా చూడవచ్చును.

ఉపేందర్ గారు కాలికి పట్టీతో, బల్ల కింద చిన్న స్టూలు మీద కాలు చాపుకొని, సక్రు ఎదుటనే ఆ కాగితం చదివారు. ఎప్పటి జవాబు టైపు చేయించి సిద్ధంగానే ఉన్నది. తేదీ మార్చితే చాలు. కాని రాకపోకలు లేవని రాయాలంటే, ఆనాడు తాము ఆ దారిలో లేనట్లు రాయాలి. లేనట్లయితే, విధి నిర్వహణలో గాయపడ్డానని తాము పెట్టిన మూడు వారాల సెలవు చీటీకి వేరే దారి ఏదైనా చూపాలి. జీవితంలో మొదటిసారి ఆయన ఒక దారి ఉన్నదని ఒప్పుకోవడం తప్ప గత్యంతరం లేని స్థితిలో పడ్డారు.

"అంచనా వేయిస్తాను" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన చూపు సక్రు ముఖం మీద లేదు, ఆయన భుజాన ఉన్న గొడుగు మీద ఉన్నది.

పని ఇంతటితో సుఖంగా ముగిసి ఉండేది. కాని రేగడిలో పడి లేచిన పదముగ్గురి ఫొటోలు ఈలోగా ఊళ్లు తిరిగాయి. ముఖాల మీద కళ్లు తప్ప ఏమీ కనిపించని ఆ ఫొటోలు చూసి హైదరాబాదు నుంచి జనం, మేము కూడా అక్కడే పడాలి, ఎప్పుడు రమ్మంటారని అడగసాగారు. డబ్బు ఖర్చు పెట్టుకొని, సెలవు పెట్టుకొని, రెండు వందల కిలోమీటర్లు తొక్కి వచ్చి బురదలో పడడానికి ఇందరు పోటీ పడతారని తెలిసి ఉంటే తండావాళ్లు ఇన్నేళ్లూ ఉచితంగా పడేవారు కారు.

ఫాల్గుణంలో జగదీశ్, అరుణ మళ్లీ వచ్చారు. జగదీశ్ చేతిలో పచ్చని చొక్కా ఉన్నది. వీపు మీద 'దారి రాయబారి' అని పెద్ద అక్షరాలు.

"పెద్దాయనా, ఇది మీకే. మా దారికి మీరే రాయబారి. ఒక్క చిన్న మాట. ఇక్కడ తారు వేస్తారని విన్నాం. వద్దని ఒక ఉత్తరం రాశాం. ప్రకృతి పాడవుతుంది కదా. తండా పక్షాన మీరు కూడా ఒక సంతకం పెడితే ఆగిపోతుంది."

సక్రు చొక్కాను తిప్పి చూశాడు. ఆ ఉత్తరం పోతే కార్యాలయానికి పండుగ. మరో పద్నాలుగేండ్లకు సరిపడా జవాబు దొరుకుతుంది: స్థానికుల కోరిక మేరకు. ఇంటి అరుగు మీద సాలి మోకాలికి నూనె రాసుకుంటూ, ఇటే చూస్తున్నది.

"సారు, మీకు బురద గావాలె, అంతేనా?" అన్నాడు సక్రు.

"అంటే... సహజత్వం కావాలి."

"గదే. గా సహజత్వం మాకాడ ఒక్కటే ఉన్నది, కిలోమీటరున్నర. గింత దానికి మీరు హైదరాబాదు నుంచి మందిని పిలిపిస్తున్నరా? నా దగ్గర దీని తాతలున్నయ్. రాసుకో బిడ్డా."

అరుణ ఫోను తీసింది. సక్రు ఒక్కొక్కటే చెప్పాడు: బర్రె దిగబడ్డ బాట, మూడు కిలోమీటర్లు, రెండు వాగులు. ఆండాలు పెండ్లి ఆగిన మూల. పెండ్లికొడుకు కారు రాలేక మూడు గంటలు ఆగింది. మందుల బండి తిరిగిపోయిన గుట్ట. బడి పంతులు బదిలీ పెట్టుకున్న తోవ. లెక్కపెడుతున్న పది వేళ్లూ అయిపోయి మళ్లీ మొదటికి వచ్చాడు. పదకొండు దారులు. ఒక్కొక్కటీ ఒక్కొక్క తండాకో పల్లెకో పోతుంది. ఏ ఒక్కదానికీ తారు మచ్చ లేదు.

జగదీశ్ కళ్లు తడి అయ్యాయి. "ఇంత సంపద పెట్టుకొని మాకు చెప్పలేదా!"

"అడిగినోల్లు లేరు సారు. మరి మీ ఉత్తరం?"

"అది వాపసు తీసుకుంటా. ఈ ఒక్కటి పోతే పోనీండి."

ఆయన ఆనందంగా చెరువును ఫొటో తీయడానికి పోయాడు. అరుణ మాత్రం కదలలేదు. లెక్కల టీచరు గనుక ఆమెకు కూడిక తొందరగానే అందింది.

"కాకా, ఆ పదకొండు ఊళ్లకు కూడా రాకపోకలు లేవని జవాబులు వచ్చాయా?"

"రాకుంటెట్ల బిడ్డా? అందరికీ వస్తయ్." సక్రు గొంతు తగ్గించాడు. "మీరు పోయినప్పుడల్లా లెక్క రాసుకోండ్రి. ఎన్ని సైకిళ్లు, ఏ తారీఖు, ఎన్ని గంటలకు. రాసి గా ఊరోల్లకు ఇయ్యుండ్రి. వీలైతే ఇంజనీరు సారును గూడ ఎంబడి తీస్కపోండ్రి."

"ఆయన ఇక జన్మలో రారు కాకా."

"కారన్న తీస్కపోండ్రి. కారు దిగబడ్డా సాలు."

అరుణ పటంలో పదకొండు పేర్లూ ఎక్కించింది. బర్రె దిగబడ్డ బాట దగ్గర చిన్న చుక్క పెట్టి, కింద రాసింది: వెళ్లినవారు వాహనాల లెక్క తప్పక రాయాలి.

వైశాఖంలో రోడ్డు రోలరు వచ్చింది. ముందుగా ఆ నాలుగు వందల గజాల రేగడిని తవ్వి పారేయవలసి వచ్చింది. తండా అంతా కలిసి ఒక్క రోజులో పరిచిన దానిని పీకడానికి యంత్రానికి నాలుగు రోజులు పట్టింది. గుత్తేదారు మనిషి గడ్డపార ఆనించి, "ఎవడు కొట్టిండ్రా ఈ మన్ను? డ్యాముకు కొట్టినట్టు కొట్టిండు!" అని తిట్టాడు. సక్రు పక్కనే నిలబడి విన్నాడు. ఉద్యోగ జీవితం మొత్తంలో ఆయన పనికి అంతటి ప్రశంస రాలేదు.

తారు ఆరిన రోజు ఆయన పందొమ్మిది తూములూ చూసుకొని, కట్ట దిగి, నల్లని దారి మీద సైకిలు వదిలాడు. ఎప్పుడూ పాతిక నిమిషాలు పట్టే దూరం ఆరు నిమిషాలలో అయిపోయింది. ఇంటి ముందు దిగేసరికి సాలి ఇంకా పొయ్యి వెలిగించలేదు.

"ఇంత జల్ది వచ్చినవేంది? పని లేదా?"

"దారి వడింది" అన్నాడు సక్రు.

ఆమె కర్ర సాయంతో గుమ్మం దాకా వచ్చి, తారు దిక్కు కొంచెంసేపు చూసింది. కాలితో తొక్కి చూడలేదు, కర్రతో పొడిచింది. కర్ర దిగబడలేదు. "ఊ" అన్నది. పద్నాలుగేండ్లలో ఆమె నోట వచ్చిన మెప్పుదల అదే.

సక్రు ఆ పచ్చ చొక్కాతో సైకిలు గొలుసు తుడిచి, చేతులు కడుక్కొని, అరుగు మీది మంచం దగ్గరకు పోయాడు. ఇక ఈ బొంగులతో పని లేదు, కాకరపాదుకు పందిరి వేయవచ్చునని ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఒక ముడి విప్పాడు. రెండవది సగం వదులైంది.

"ఆగు," అన్నది సాలి పొయ్యి దగ్గర నుంచి, తల తిప్పకుండానే. "ఒక్క వానకాలం పోనీ."

"తారు వడ్డదే."

"వడ్డది. నేను గూడ సూసిన. వాన సూడలే."

సక్రు తారును చూశాడు, ఆకాశాన్ని చూశాడు. తరువాత మంచం పక్కన కూర్చొని, విప్పిన ముడిని మళ్లీ బిగించి కట్టాడు, మునుపటికంటే ఒక చుట్టు ఎక్కువ వేసి.